సోలార్ వాటర్ హీటర్ పెట్టించి 14 నెలలు: హొసకోట పక్క మా ఊరింట్లో నీళ్ళు ఎలా కాగుతున్నాయంటే

నమస్కారం అండి. టైము పొద్దున ఐదుంబావు. ఇంకా తెల్లారలేదు, వెనకాల కోడి కూత మీక్కూడా వినిపిస్తూ ఉంటుంది. ఇది మా బాత్‌రూమ్‌లో పంపు కింద పెట్టిన బకెట్. అందులో వేసింది వంటింటి థర్మామీటర్. అంకె కనిపిస్తోందా? 51. నిన్న సాయంత్రం ఇదే పంపు దగ్గర 59 చూపించింది. రాత్రంతా కరెంటు వాడలేదు, కట్టె పెట్టలేదు. పోయింది 8 డిగ్రీలు, అంతే.

నేనుండేది బెంగళూరులో, కె.ఆర్.పురం దగ్గర అద్దె ఫ్లాట్‌లో. ఇది మా అమ్మానాన్నల ఇల్లు. హొసకోట దాటి చింతామణి రోడ్డులో కాస్త లోపలికి రావాలి. అమ్మ, నాన్న, అవ్వ, తమ్ముడు, మరదలు, ఐదుగురుంటారు. శనివారం వచ్చామంటే మేం ముగ్గురం. ఈ హీటర్ మాకెవరూ ఉచితంగా పంపలేదు, మా డబ్బులతో కొన్నాం. కంపెనీ పేరు ఎందుకు చెప్పడం లేదంటే, ఈ 14 నెలల్లో మమ్మల్ని ఏడిపించినవేవీ కంపెనీ తయారు చేసినవి కావు. నీళ్ళు, పైపులు, కొబ్బరిచెట్టు. ఈ వీడియో అంతా వాటి గురించే.

ముందు ఏముండేదో చెప్తాను. పెరట్లో రాగి కాగు. పట్టుపురుగుల మేతకి మల్బరీ ఆకు కోసేశాక మిగిలే కట్టె, కొబ్బరి మట్టలు, అప్పుడప్పుడు నీలగిరి పుల్లలు. కట్టెకి రూపాయి ఖర్చు లేదు. కాకపోతే అవ్వ నాలుగున్నరకి లేచి పొయ్యి ముట్టించాలి. ఆగస్టులో తడి కట్టె అంటుకునేలోపు ఇల్లంతా పొగ. తమ్ముడి పెళ్ళప్పుడు 25 లీటర్ల గీజర్ పెట్టాం, ఇక ఏ బాధా లేదనుకున్నాం. కానీ మా ఊళ్ళో పొద్దున్నే మోటార్లన్నీ ఆన్ అయ్యే టైముకి వోల్టేజ్ 180కి పడిపోతుంది. గీజర్ మీద 2000 వాట్లు అని రాసుంటుంది కదా, అది 230 వోల్టులకి. 180 దగ్గర అదే గీజర్ 1200 వాట్లే లాగుతుంది. అరగంటలో కాగాల్సిన నీళ్ళకి దాదాపు గంట పడుతుంది. తలుపు బయట క్యూ.

అన్నట్టు, గీజర్ మీద స్టార్లు చూసి "ఫైవ్ స్టార్, కరెంటు తక్కువ తాగుతుంది" అనుకుంటాం. ఆ స్టార్లు నీళ్ళు కాగడానికి అయ్యే కరెంటుకి ఇచ్చినవి కావు. కాగిన నీళ్ళు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో దాన్నిబట్టి ఇచ్చినవి. పది నిమిషాలు వేసి వెంటనే వాడేసుకునేవాళ్ళకి ఆ స్టార్ల వల్ల ఒరిగేది కొంచెమే.

సరే, మేడ మీదికి వెళ్దాం రండి. మెట్లు జాగ్రత్త.

ఇదిగో, 200 లీటర్ల ట్యాంకు, కింద 20 గాజు ట్యూబులు. సోలార్ వాటర్ హీటర్లు ప్రధానంగా రెండు రకాలు. అద్దం పెట్టె లాంటిది, లోపల రాగి పైపులు, దాన్ని ఫ్లాట్ ప్లేట్ అంటారు. రెండోది ఇలా ట్యూబులది. జయనగర్ వైపు పాత ఇళ్ళ మీద చూడండి, ఏళ్ళ తరబడి ఫ్లాట్ ప్లేట్లు నిక్షేపంగా పని చేస్తున్నాయి. 2007 చివర్లో కర్ణాటక ప్రభుత్వం నగరాల్లో కొత్త ఇళ్ళకి సోలార్ హీటర్ తప్పనిసరి చేసింది, అప్పటి నుంచి బెంగళూరు మేడల మీద ఇవి మరీ ఎక్కువయ్యాయి. మా నాన్న కూడా "మీ మామ ఇంటి మీద ఉన్నదే తెద్దాం, గట్టిది" అన్నాడు. మామ ఇల్లు జయనగర్. అక్కడ వచ్చేది కావేరి నీళ్ళు. మాది బోరు.

ఇక్కడే ఆగి నీళ్ళు టెస్ట్ చేయించాం. కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగి ఉన్న సున్నంలాంటి లవణాలు, లీటరుకి 640 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చంటుంది. మేం దాన్నీ దాటాం. ఇలాంటి నీళ్ళు కాగితే సున్నం దిగుతుంది. ఫ్లాట్ ప్లేట్‌లో రాగి పైపులు సన్నం, వాటిలో సున్నం పేరుకుంటే మెల్లగా మూసుకుపోతాయి. బోరు నీళ్ళు నేరుగా అందులోకి పోకుండా మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టిన రకం ఉంది, కానీ అది మా బడ్జెట్ దాటింది. ట్యూబుకైతే నోరు వెడల్పు, సున్నం అడుగున పేరుకున్నా విప్పి కడుక్కోవచ్చు. అందుకే ట్యూబులు. కావేరి నీళ్ళొచ్చే ఇల్లయితే నేనూ ఫ్లాట్ ప్లేటే తెచ్చేవాణ్ణి, కోతి దూకినా తట్టుకుంటుంది.

ఈ ట్యూబ్ చూడండి, ఇప్పుడే విప్పాను. నిజానికి ఇది రెండు ట్యూబులు, ఒకదానిలో ఒకటి. మధ్యలో గాలి తీసేసి ఉంటుంది, ఫ్లాస్కులాగా. లోపలి గాజు మీద నల్లటి పూత ఎండని లాగేసుకుంటుంది, ఆ వేడి బయటికి పోదు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైన ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లవి కిందికి దిగుతాయి. పంపు లేదు, మోటారు లేదు. అడుగున వెండి రంగు మచ్చ ఉంది కదా, ఇది మెరుస్తున్నంతకాలం ట్యూబ్ బాగున్నట్టు. పక్కన పడేసిన ఈ ట్యూబ్ చూడండి, మచ్చ పాలలా తెల్లబడిపోయింది. లోపలికి గాలి చేరింది, పని అయిపోయినట్టే. మెకానిక్‌ని పిలవకుండా మీరే కనుక్కోవచ్చు.

ఇప్పుడు దీన్ని బోర్లిస్తున్నా. చూశారా ఏం పడుతోందో? కోడిగుడ్డు పెంకుల్లాంటి ముక్కలు. ఆర్నెల్ల సున్నం ఇది, గుప్పెడు ఉంది. పొడుగాటి బ్రష్‌తో తోమి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గంటసేపు ఉంచితే మిగతాది కరుగుతుంది. ఆర్నెల్లకోసారి ఈ పని తప్పదు. డీలర్ మాత్రం "మెయింటెనెన్స్ ఏమీ ఉండదు సార్" అన్నాడు. ఉంటుంది.

ఇక పైపుల కథ. ఈ ట్యాంకులోకి చల్లనీళ్ళు వాటంతట అవే దిగాలంటే సింటెక్స్ ట్యాంకు దీనికన్నా ఎత్తులో ఉండాలి. మాది నేల మీద ఉంది. ఇటుక దిమ్మెలు కట్టి లేపాల్సి వచ్చింది, 6,500 అయింది. కొటేషన్‌లో ఆ ముక్కే లేదు. తర్వాత ప్లంబర్ వేడినీళ్ళ లైను కొంత మేర మామూలు పీవీసీతో వేసేశాడు, మాకూ అప్పట్లో తెలీదు. ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్ళు 80 దాటాయి. ఒకరోజు పైకొచ్చి చూస్తే పైపు అరటికాయలా వంగి ఉంది. వేడినీళ్ళకి వేడి తట్టుకునే సీపీవీసీ పైపే వేయాలి, ఒక్క అడుగు కూడా వేరేది వద్దు.

ఇంకో తప్పు కనిపించదు. ట్యాంకు నుంచి బాత్‌రూమ్‌కి 40 అడుగులు. ప్లంబర్ "ధార బాగా వస్తుంది" అని అంగుళం పైపు వేశాడు. రాత్రంతా ఆ పైపులో నిలిచిన నీళ్ళు చల్లారిపోతాయి, పొద్దున అవన్నీ పోయాకే వేడివి వస్తాయి. బకెట్ పెట్టి కొలిచాను, ఐదు లీటర్లు! అవ్వ పంపు తిప్పి, చెయ్యి పెట్టి, "ఏమిరా అబ్బోడా, ఇన్ని వేలు పోసి చన్నీళ్ళు తెచ్చినావు" అని మళ్ళీ కాగు దగ్గరికి పోయింది. రెండు నెలలు అలాగే జరిగింది. అందరూ హీటర్‌దే తప్పన్నారు. తర్వాత ముప్పావు అంగుళం పైపు మార్పించి, పైన నల్ల ఫోమ్ గొట్టం తొడిగించాం. ఇప్పుడు పోయేది మూడు లీటర్లు, అదీ వేరే బకెట్లో పట్టుకుని గేదె దాణాలో పోస్తాం. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళయితే బాత్‌రూమ్‌కి సరిగ్గా పైనే హీటర్ వచ్చేలా చూసుకోండి. ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

కొబ్బరిచెట్టు అదిగో. అక్టోబర్ గాలివానకి ఒక మట్ట విరిగి ట్యూబుల మీద పడింది. పగిలింది రెండే. కానీ ట్యూబులదొక పెద్ద లోపం, ఒక్కటి పగిలినా ట్యాంకంతా ఖాళీ అవుతుంది. పైగా సింటెక్స్ నుంచి నీళ్ళు దిగుతూనే ఉంటాయి. పొద్దున లేచేసరికి మెట్ల మీద కాలవ. అప్పటి నుంచి మట్టలు ముదరక ముందే కొట్టిస్తున్నాం, రెండు ట్యూబులు స్పేర్‌గా మంచం కింద ఉన్నాయి.

అందరూ అడిగే ప్రశ్న: చలికాలంలో పని చేస్తుందా? మా వైపు డిసెంబర్, జనవరిలో కూడా బాగా పని చేస్తుంది. చలి ఉన్నా ఆకాశం తేటగా ఉంటుంది, దీనికి కావలసింది ఎండ. సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి స్టాండు దక్షిణానికి తిప్పి, నీడ పడకుండా పెట్టాలి. ఇబ్బంది జులై, ఆగస్టుల్లో. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ట్యాంకులో 33, 34 దగ్గరే ఆగిపోతుంది.

దానికి కంపెనీ వాళ్ళు ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెడతాం అంటారు. వద్దన్నాను. ఒక్కరు నీళ్ళు పోసుకోవాలన్నా 200 లీటర్లూ కాగాలి. 34 నుంచి 45కి తేవడానికి రెండున్నర యూనిట్లు. మిగిలిన వేడిలో కొంత రాత్రికి పోతుంది. మేం పాత గీజర్‌నే వాడుకున్నాం. సోలార్ లైను తెచ్చి గీజర్‌లోకి కలిపాం. గోరువెచ్చని నీళ్ళే లోపలికి వస్తాయి కాబట్టి ముసురు రోజుల్లో బకెట్‌కి 0.2 యూనిట్‌తో పని అయిపోతుంది. మిగతా రోజుల్లో స్విచ్చే వేయం. అయితే మీ గీజర్ ఎంత వేడి నీళ్ళని లోపలికి తీసుకోగలదో ముందు కనుక్కోండి. మేం ఎండాకాలానికి గీజర్‌ని తప్పించి వెళ్ళేలా పక్క లైను, వాల్వు పెట్టించాం. పిల్లలున్న ఇల్లయితే బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాతే వేడివి. ఏప్రిల్ నీళ్ళు నేరుగా పడితే చర్మం ఊడుతుంది, భయపెట్టడం కాదు.

డబ్బుల సంగతి. హీటర్ 29,000. దిమ్మెలు 6,500. ప్లంబింగ్, మళ్ళీ చేయించిన ప్లంబింగ్ కలిపి 7,000. మొత్తం 42,500. ఒక 20 లీటర్ల బకెట్‌ని 23 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే గీజర్‌కి 0.4 యూనిట్. మా ఇంట్లో రోజుకి ఏడు బకెట్లు. ఎండాకాలం తీసేసి, యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు 5,000. అంటే డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళ పైనే. మూడేళ్ళలో వచ్చేస్తుంది అని చెప్పేవాళ్ళ లెక్క మా ఇంటికి కుదరదు.

కర్ణాటకలో ఇంకో మెలిక ఉంది. 2023లో వచ్చిన ఉచిత కరెంటు పథకం, గృహజ్యోతి. మీ పాత సగటు వాడకానికి కొంత కలిపి, 200 యూనిట్ల లోపు బిల్లు ఉచితం. గీజర్ వేసినా ఆ గీత దాటని ఇంటికి సోలార్ హీటర్ వల్ల మిగిలేది సున్నా, నిజం చెప్పాలంటే. గీజర్ వల్లే 200 దాటుతున్న ఇంటికి మాత్రం పెద్ద తేడా, ఎందుకంటే దాటితే మొత్తం బిల్లు కట్టాలి.  ఇక డీలర్ "సూర్యఘర్ సబ్సిడీ వస్తుంది" అంటే నమ్మకండి. 3 కిలోవాట్లకి 78,000 ఇచ్చే ఆ పథకం కరెంటు తయారుచేసే ప్యానెళ్ళకి, నీళ్ళు కాచేదానికి కాదు.

హీట్ పంప్ గురించి కామెంట్లలో అడిగారు. ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, ఫ్రిజ్‌లో ఉండేలాంటి కంప్రెసర్‌తో గాలిలోంచి లాగి. అపార్ట్‌మెంట్లకి, హాస్టళ్ళకి బాగుంటుంది. మా వోల్టేజ్‌కి కంప్రెసర్ పెట్టే ధైర్యం నాకు లేదు.

అవ్వ ఇప్పుడు ఏమంటుందంటే, నీళ్ళు బాగానే ఉన్నాయట, పొగ వాసన లేకపోతే పోసుకున్నట్టే లేదట. పండగ తలంటుకి మాత్రం కాగే. నాన్న ఆ కట్టె ఆమె కోసం విడిగా కట్టలు కట్టి పెడుతున్నాడు.

సరే, నేను ఆపేయాలి. అటు చూడండి, నీలగిరి తోపు మీద ఎర్రబడింది. ఖాళీ ట్యూబులు ఎండలో వేడెక్కాక చన్నీళ్ళు వదిలితే టప్పున పగులుతాయి. రబ్బరు రింగుకి సబ్బు నీళ్ళు రాసి, విప్పిన ఈ మూడు ట్యూబులూ ఎక్కించి, ఎండ ఇక్కడికొచ్చేలోపు వాల్వు తిప్పాలి. రేయ్ తమ్ముడూ, కెమెరా అక్కడ పెట్టి ఈ చివర పట్టుకో!