సైటేషన్ల తక్కెడలో న్యాయ కళాశాలలు

సభకు నమస్కారం. ఇక్కడున్న అధ్యాపకులకూ, పరిశోధక విద్యార్థులకూ ఈనాటి విషయం కొత్తది కాదు. న్యాయ కళాశాలల స్థాయిని వాటి ఆచార్యుల పరిశోధన ప్రభావంతో, అంటే వారి రచనలను ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న సైటేషన్ల లెక్కతో కొలవవచ్చునా, కొలిస్తే ఆ కొలతకు ఏది అందుతుంది, ఏది అందదు అన్నదే నేను మాట్లాడదలచుకున్న సంగతి.

1873లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన జిగురు పూసిన కాగితపు చీటీలు అచ్చువేసి న్యాయవాదులకు అమ్మడం మొదలుపెట్టారు. ఒక తీర్పును ఆ తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయో ఆ చీటీ మీద ఉండేది. న్యాయవాది దాన్ని తడిచేసి, తన దగ్గరున్న సంపుటంలో ఆ తీర్పు పక్కన, పేజీ అంచున అంటించుకునేవాడు. తాను నమ్ముకున్న తీర్పు ఇంకా నిలిచి ఉందా, కొట్టివేతకు గురైందా అన్నది తెలుసుకోవడమే దాని ప్రయోజనం. ఈ పద్ధతి నుంచే ఊహ అందుకున్న అమెరికన్ సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో విజ్ఞాన శాస్త్రాలకు సైటేషన్ సూచిక కావాలని ప్రతిపాదించి, 1964 నాటికి దాన్ని ఆచరణలోకి తెచ్చారు. న్యాయవాదుల బల్ల మీద పుట్టిన పనిముట్టు ప్రయోగశాలలన్నీ తిరిగి, చివరకు న్యాయ ఆచార్యులనే తూచే తక్కెడగా మళ్లీ మన దగ్గరికి వచ్చింది. ఇంతకూ షెపర్డ్ చీటీ చూపినది తీర్పు బలం. దాన్ని రాసిన న్యాయమూర్తి గొప్పతనం కాదు.

అమెరికాలో ఈ లెక్కను ఒక క్రమానికి తెచ్చినది న్యాయ తత్త్వవేత్త బ్రయన్ లీటర్. ఆయన పద్ధతినే తీసుకుని మినెసోటాలోని సెయింట్ థామస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గ్రెగరీ సిస్క్, ఆయన సహచరులు 2012 నుంచి మూడేళ్లకొకసారి జాబితా ప్రకటిస్తున్నారు. శాశ్వత నియామకం పొందిన ప్రతి ఆచార్యుడి పేరూ గత ఐదేళ్లలో ఎన్ని న్యాయ పత్రికా వ్యాసాల్లో కనిపించిందో లెక్కిస్తారు. కళాశాల మొత్తానికి సగటు తీసి, దాన్ని రెట్టింపు చేసి, దానికి మధ్యగతాన్ని, అంటే అంకెలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేదాన్ని, కలుపుతారు. 2012 నుంచి 2021 వరకు వచ్చిన నాలుగు జాబితాల్లోనూ యేల్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలదే మొదటి స్థానం.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక కళాశాలలో ఐదుగురు ఆచార్యులు, వారి సైటేషన్లు 1000, 50, 40, 30, 10 అనుకోండి. సగటు 226, మధ్యగతం 40, మొత్తం స్కోరు 492. మరో కళాశాలలో ఐదుగురికీ వరుసగా 150, 140, 130, 120, 110. సగటూ మధ్యగతమూ 130 కనుక స్కోరు 390. మొదటిదే పై స్థానంలో నిలుస్తుంది. ఆ వెయ్యి సైటేషన్ల ఆచార్యుడు రేపు వేరే ఊరికి వెళ్లిపోతే మొదటి కళాశాల స్కోరు 492 నుంచి 100కు పడిపోతుంది. ఏ తరగతి గదిలోనైనా కూర్చుని సంతృప్తిగా చదువుకోగలిగే కళాశాల ఏదని విద్యార్థి అడిగితే, నేను రెండోదాన్నే చూపిస్తాను.

అయినా ఈ జాబితా మీద నాకు గౌరవముంది. లెక్క ఎలా కట్టారో దాచకుండా చెబుతారు, ఎవరైనా తిరిగి కట్టి సరిచూసుకోవచ్చు. పేరు ప్రతిష్ఠల మీద ఆధారపడ్డ జాబితాల్లో దిగువన కనిపించే సెయింట్ థామస్ వంటి కొత్త కళాశాలకు తన పరిశోధన బలాన్ని లోకానికి చూపించుకునే దారి దొరికింది. (ఆ జాబితా కట్టేది కూడా ఆ కళాశాలవారే. అంకెలు బహిరంగంగా ఉన్నాయి కనుక అది దోషం కాదు, కానీ పాఠకుడికి తెలిసి ఉండాలి.)

చిక్కు మరోచోట ఉంది. రాజ్యాంగం మీద రాసేవారు వందల్లో ఉంటారు, కాబట్టి వారు ఒకరినొకరు వందలసార్లు ప్రస్తావించుకుంటారు. పన్నుల చట్టం మీద జీవితమంతా పనిచేసిన ఆచార్యుడిని చదివేవారే కొద్దిమంది. 2019లో అమెరికాలో కళాశాలలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ సంస్థ, న్యాయ పత్రికల డేటాబేస్ అయిన హైన్‌ఆన్‌లైన్ సమాచారంతో ఇలాంటి జాబితానే తెస్తామని ప్రకటించినప్పుడు, పుస్తకాలనూ ఇతర శాస్త్రాల పత్రికల్లోని వ్యాసాలనూ ఎక్కడ లెక్కిస్తారని ఆచార్యులు గట్టిగా అడిగారు. 2021లో ఆ సంస్థ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

మన దేశంలో జాతీయ ర్యాంకింగ్ వ్యవస్థ అయిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2018లో న్యాయ విద్యను చేర్చింది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మొదటి జాబితాలోనే మూడో స్థానం పొందింది. ప్రచురణల లెక్కను ఇక్కడ స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ పరిశోధన డేటాబేస్‌ల నుంచి తీసుకుంటారు. తెలుగులో రాసిన న్యాయ వ్యాసానికి ఆ తక్కెడలో చోటే లేదు. పైగా ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు ఆ యంత్రాలకు అర్థం కాదు. నా సహోద్యోగి ఒకరి వ్యాసాలు, ఒకచోట పొడి అక్షరాలతో, ఒకచోట పూర్తి పేరుతో, ఒకచోట ఇంటిపేరు చివరకు చేరి, ముగ్గురు వేర్వేరు మనుషుల ఖాతాల్లో పడి ఉండడం నేను స్వయంగా చూశాను. వాటిని ఒక్కచోటికి చేర్చడానికి ఆయనకు ఓ సెమిస్టరు పట్టింది.

ఇప్పుడు ఈ లెక్కలకు అందని ఒక ప్రసంగం గురించి చెబుతాను. 1965 ఫిబ్రవరిలో జర్మన్ ఆచార్యుడు డీటర్ కాన్రాడ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయ న్యాయ విభాగంలో మాట్లాడారు. రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దు లేదనుకుంటే, సవరణ పేరుతో ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణాన్నే తుడిచిపెట్టవచ్చా అని ఆయన అడిగారు. ఆ వాదనను న్యాయవాది ఎం.కె. నంబియార్, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించవచ్చా అన్న గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ముందు పెట్టారు. 1967లో ప్రధాన న్యాయమూర్తి, మన రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు, ఆ వాదనలో బలముందని అంటూనే దాని మీద తుది అభిప్రాయం చెప్పలేదు. 1973లో కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా కాన్రాడ్ రచనను ఉటంకించారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్న సూత్రం ఆ తీర్పుతోనే స్థిరపడింది.

అలాగే 1979లో, మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో పోలీసులను నిర్దోషులుగా వదిలేసిన సుప్రీంకోర్టు తీర్పును విమర్శిస్తూ ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయ అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ ఒక ఉద్యమానికి ఊపిరి పోసింది. 1983లో అత్యాచార చట్టం మారింది. ఆ లేఖ ఏ పత్రికా వ్యాసమూ కాదు కనుక ఏ ఖాతాలోనూ అంకెగా చేరదు.

కాబట్టి నా కోరిక ఇది. సైటేషన్ల లెక్క ఉండనివ్వండి, కానీ దాన్ని ఆచార్యుల మధ్య సంభాషణకు కొలతగా మాత్రమే పిలవండి. దాని పక్కనే ప్రతి న్యాయ కళాశాలా మరో పట్టిక తెరవాలి. మా అధ్యాపకుల ఏ రచన ఏ తీర్పులో, ఏ పేరాలో కనిపించింది, ఏ లా కమిషన్ నివేదికలోకి వెళ్లింది, ఏ సవరణకు దారితీసింది అన్నవి అందులో రాయాలి. దాన్ని మళ్లీ స్కోరుగా మార్చి వరుసలు కట్టకూడదు. ఏ భాషలో రాసినదైనా అందులో చేరాలి. షెపర్డ్ చీటీ లాగా, ఎవరైనా తెరిచి ఫలానా మాట ఇంకా నిలిచి ఉందా, ఎక్కడ నిలిచి ఉంది అని చూసుకునేలా ఉండాలి.