పట్టాలు తీసేసిన రైలు దారిలో నడక: అమ్మానాన్నలతో మోన్సాల్ ట్రైల్

నమస్తే అండి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, మాంచెస్టర్, డెర్బీ వైపు ఉంటూ, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో తోచక ప్రతి శనివారం షాపింగ్ మాల్‌కే తీసుకెళ్లేవాళ్ల కోసం ఈ వీడియో. రెండేళ్ల క్రితం దాకా నేనూ ఆ బాపతే.

ఇక్కడి కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్ అనగానే అందరికీ ఒకటే భయం. కొండలెక్కాలి, అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. అక్కడే ఉన్న మోన్సాల్ ట్రైల్ అనే నడక దారికి ఆ భయం అక్కర్లేదు. ఎందుకంటే ఇది ఒకప్పుడు డెర్బీ నుంచి మాంచెస్టర్ వెళ్లే మెయిన్ లైన్. మిడ్‌లాండ్ రైల్వే వాళ్లు 1860లలో వేశారు. రైలింజను నిటారు ఎక్కుడు ఎక్కలేదు కదా, అందుకని కొండ అడ్డొస్తే తొలిచారు, లోయ అడ్డొస్తే వంతెన కట్టారు. 1968లో లైను మూసేశారు, పట్టాలు పీకేశారు. 1981లో నడక దారిగా తెరిచారు. ఇంజను కోసం అప్పుడు పడ్డ కష్టం ఇప్పుడు మా అమ్మ మోకాళ్లకు పనికొచ్చింది.

మొత్తం దారి ఎనిమిదిన్నర మైళ్లు, అంటే సుమారు పదమూడున్నర కిలోమీటర్లు. బేక్‌వెల్ ఊరి పక్క నుంచి బక్స్‌టన్ వైపు వెళ్తుంది. పెద్దవాళ్లతో అంతా నడవక్కర్లేదు. నేను చెప్పే పద్ధతి ఇది: హాసప్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి మిల్లర్స్ డేల్ స్టేషన్ దగ్గర ఆపండి. రెండు కార్లుంటే ఒకటి ముందే మిల్లర్స్ డేల్‌లో పెట్టి రండి. ఒకటే కారైతే మధ్యలో వచ్చే హెడ్‌స్టోన్ వంతెన దాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి, అది చాలు. స్టేషన్లంటున్నాను కదా అని రైల్లో వద్దామనుకోకండి. రైలు దారికి రైలు లేదు! బేక్‌వెల్ వరకు బస్సులో రావచ్చు.

చాలా వీడియోల్లో మోన్సాల్ హెడ్ దగ్గర మొదలుపెట్టమంటారు. అక్కడ కారు దిగగానే కింద లోయ, వంతెన, నది అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఫోటోకి బాగుంటుంది. కానీ అక్కడి నుంచి ట్రైల్‌కి దిగే కాలిబాట నిటారుగా ఉంటుంది, మోకాళ్లకు మంచిది కాదు. పైగా ఆ వంతెనని సొరంగంలోంచి వచ్చి చూడటంలో ఉన్న మజా వేరు. అక్కడికే వస్తున్నాను.

(హాసప్ స్టేషన్ నుంచి నడక మొదలు)

ఇక్కడో మాట చెప్పాలి. మా నాన్న రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు, కాజీపేట వైపు. రోజూ పొద్దున్నే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ లైను వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు ఊడితే బిగించే పని. ఆయన్ని ఇక్కడికి తెస్తే, "ఇంత దూరం విమానంలో తెచ్చి మళ్లీ లైను మీదే నడిపిస్తున్నావేంరా" అన్నారు. అన్నారే గానీ అందరికంటే ముందు నడిచింది ఆయనే. ఆ రోజు నాకు అర్థమైందేంటంటే, ఈ దారిని పార్కులా చూస్తే సగమే కనిపిస్తుంది. రైల్వే లైనులా చూడాలి. ఎలా చూడాలో నాన్న చూపించినట్టే చెప్తాను.

ముందు పక్కలకి చూడండి. దారి ఒక చోట కట్ట మీద ఉంటుంది, రెండు పక్కలా పొలాలు, గొర్రెలు కిందకి కనిపిస్తాయి. ఇంకాసేపటికి రెండు పక్కలా రాతి గోడలు లేస్తాయి. అది కట్టింగు. నాన్న లెక్క ప్రకారం, తవ్విన చోట మట్టి మోసుకెళ్లి పల్లపు చోట పోస్తారు. అంటే మీరు నడుస్తున్న కట్ట, కాసేపటి ముందు దాటొచ్చిన కట్టింగులోంచి వచ్చిందే అయ్యుండొచ్చు.

గ్రేట్ లాంగ్‌స్టోన్ స్టేషన్ దాటాక కొంత దూరంలో హెడ్‌స్టోన్ సొరంగం వస్తుంది. 487 మీటర్లు. నోటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎండాకాలంలోనైనా, బావిలోకి తొంగి చూసినప్పుడు మొహానికి తగిలే చల్లదనం తగులుతుంది. స్వెటర్ బ్యాగులో ఉంటే ఇప్పుడే తీయండి. లోపల లైట్లుంటాయి, నేల చదునుగా ఉంటుంది. పైనుంచి అక్కడక్కడ నీటి చుక్కలు పడుతుంటాయి, కంగారు పడకండి.

ఇప్పుడు గోడ వైపు చూడండి. అక్కడక్కడ మనిషి పట్టేంత గూళ్లు కనిపిస్తాయి. నేను మొదటిసారి వచ్చినప్పుడు ఏవో దీపాలు పెట్టే గూళ్లనుకున్నాను. నాన్న నేరుగా వెళ్లి ఒక దాంట్లో నిలబడ్డారు. వీపు గోడకి ఆనించి, చేతులు దగ్గరకి చేర్చుకుని. "బండొస్తే ఇట్లా నిలబడాలె. చొక్కా కొస కూడా బయటికి రావొద్దు" అన్నారు. బొగ్గింజను అంత దగ్గర నుంచి పోతుంటే ఆ పొగ, ఆ ఆవిరి, ఆ చప్పుడు ఈ గొట్టంలాంటి చోట ఎలా ఉండేవో ఊహించుకోండి. మా అమ్మ మాత్రం, "ముప్పై ఏళ్లు ఈ పని చేశారా మీరు, ఎన్నడూ చెప్పలేదే" అని అక్కడే నిలదీసింది. ఆ గొడవ ఎడిట్ చేసి తీసేశాను లెండి.

(సొరంగం చివర వెలుతురు)

చీకట్లోంచి బయటికి అడుగు పెట్టగానే కాళ్ల కింద లోయ! ఇదే హెడ్‌స్టోన్ వంతెన. 1863 నాటిది, ఐదు కమాన్లు. కింద వై నది మెలిక తిరిగి వెళ్తుంది. నది పేరే వై. అమ్మ తెచ్చిన పులిహోర డబ్బా మేం విప్పింది ఇక్కడే. గాలికి ఆకులు ఎగరకుండా పట్టుకుని తినండి.

ఇప్పుడందరూ ఫోటోలు తీసుకునే ఈ వంతెనని కట్టినందుకు జాన్ రస్కిన్ అనే రచయిత తిట్టిపోశాడు. దేవుడిచ్చిన లోయని పాడు చేశారు, దేనికయ్యా అంటే బక్స్‌టన్‌లోని ప్రతి మూర్ఖుడూ అరగంటలో బేక్‌వెల్‌కి, బేక్‌వెల్‌లోని ప్రతి మూర్ఖుడూ బక్స్‌టన్‌కి వెళ్లడానికి అన్నాడు. తమాషా ఏమిటంటే, ఇదే రస్కిన్ పుస్తకం ఒకటి 1904లో గాంధీ గారి చేతికొచ్చింది. జొహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తూ చదివి, ఆ రాత్రి నిద్రపోలేకపోయారు. సర్వోదయం అన్న మాట ఆయన ఆ పుస్తకానికి పెట్టిన పేరే. ఇంతకీ ఆయన చదివింది ఎక్కడ? రైల్లో! రస్కిన్‌కి తెలిస్తే ఏమనేవాడో.

వంతెన దాటాక ఇంకో రెండు సొరంగాలు, క్రెస్‌బ్రూక్, లిటన్. ఈ సొరంగాలన్నీ చాలా ఏళ్లు మూసే ఉన్నాయి, 2011లో తెరిచారు. రెంటి మధ్యలో కింద నది ఒడ్డున పాత నూలు మిల్లు కనిపిస్తుంది. ఈ నీళ్లతోనే అది నడిచేది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. సొరంగాల్లో లైట్లు పగటిపూటే ఉంటాయి, చీకటి పడితే ఆరిపోతాయి. ఇది తెలియక నేను, ఇద్దరు ఫ్రెండ్స్ నవంబరులో బయల్దేరాం. ఇక్కడ నవంబరులో నాలుగింటికే చీకటి. లిటన్ సొరంగం సగంలో ఉండగా లైట్లు పోయాయి. ముగ్గురికీ కలిపి ఒక్క ఫోన్లోనే ఛార్జింగ్ ఉంది, అదీ నాలుగు శాతం. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే. చలికాలమైతే పొద్దున్నే రండి, చిన్న టార్చి జేబులో వేసుకోండి. ఇంకోటి, ఇది సైకిళ్లు, గుర్రాలు కూడా వెళ్లే దారి. వెనక బెల్లు మోగితే ఒక పక్కకి జరగండి, పిల్లల చెయ్యి పట్టుకోండి.

మిల్లర్స్ డేల్ దగ్గర పక్కపక్కనే రెండు వంతెనలు కనిపిస్తాయి. రద్దీ పెరిగితే ఒకటి చాలక 1905లో రెండోది కట్టారు. స్టేషన్లో ఐదు ప్లాట్‌ఫారాలుండేవి, బక్స్‌టన్ వెళ్లేవాళ్లు ఇక్కడే బండి మారేవాళ్లు. ఇప్పుడు స్టేషన్లో కేఫ్ ఉంది. అమ్మ వెళ్లి కూర్చుంది, మేం టీ తెచ్చాం.

నాన్న మాత్రం రాలేదు. వెనక్కి చూస్తే ఆయన ప్లాట్‌ఫారం అంచున ఉన్నారు. మనం నడిచొచ్చిన దారి రెండు ప్లాట్‌ఫారాల మధ్య నుంచే పోతుంది, ఒకప్పుడు పట్టాలున్న చోటు నుంచి. ఆయన ఇవతల నుంచి అవతలికి దాటాలి. దిగే ముందు ఆగారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు, మళ్లీ కుడివైపు చూశారు. అప్పుడు దిగి దాటారు.