‘1’ కోసం వెతికితే ‘11’ దొరికింది

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ల్యాబ్ సిబ్బందికి, ఫైనలియర్ పిల్లలకు నమస్కారం. డేటాబేస్‌ల గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం టేబుల్‌లోని ఒకే ఒక్క గడి గురించి మాట్లాడతాను.

మా మేనకోడలు స్కాలర్‌షిప్‌కి అప్లై చేసింది. ఏ కాలేజీ అన్నది వదిలేయండి. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సర్టిఫికెట్‌కి ఒక నంబరు. ఆదాయ ధ్రువపత్రం 1, కులానిది 4, స్టడీ సర్టిఫికెట్ 7, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ 11. పిల్ల ఇచ్చినవన్నీ ఒకే గడిలో ‘4,7,11’ అని పెట్టారు. నాలుగూ ఉన్నాయా అని లైక్‌తో వెతికారు. అడిగిన అంకె గడిలో ఎక్కడ కనబడినా ఉందనేస్తుంది అది. 11లో 1 కనబడింది, ఆకుపచ్చ టిక్కు పడింది. ఆదాయ ధ్రువపత్రం లేదన్న సంగతి గడువు దాటి ఫైలు వెనక్కొచ్చాక తెలిసింది. కౌంటర్‌లో అడిగితే ‘నువ్వే ఇవ్వలేదు కదమ్మా’ అన్నారు. ఇవ్వలేదు, నిజమే. ఆ మాట చెప్పడానికే కదా ఆ సాఫ్ట్‌వేర్ పెట్టింది! ఆ ఏడాది ఫీజు వాళ్ల నాన్న అప్పు చేసి కట్టాడు. నా కోపం ఇంకా తగ్గలేదు.

సరే, పద్ధతి చెప్తాను. స్ట్రింగ్‌ని, అంటే గడిలోని ఆ అక్షరాల వరుసని, ముందు కామాల దగ్గర విడగొట్టండి. ముక్కల పక్కన ఖాళీలుంటే తీసేయండి. అప్పుడు ముక్కకు ముక్క పోల్చండి. పైథాన్‌లో రెండు వైపులా సెట్లు చేసి, కావలసినవన్నీ ఇచ్చినవాటిలో ఉన్నాయా అని ఈజ్‌సబ్‌సెట్‌తో అడిగితే చాలు. జావాస్క్రిప్ట్‌లో, అన్నీ ఉన్నాయా అని చూసే ఎవ్రీ వాడండి. సమ్ (some) వాడితే ఒక్కటి దొరికినా ఒప్పేసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే, కామాల మధ్య ఉన్న ముక్కను పూర్తిగా పోల్చే ఫైండ్ ఇన్ సెట్‌ని కావలసిన ప్రతి నంబరుకూ ఒకటి రాసి యాండ్‌తో కలపాలి. కామా తర్వాత ఖాళీ ఉందంటే అదీ దొరకలేదంటుంది, జాగ్రత్త.

వెనక వరుసలో బాబూ, ఇది రాసుకో. కావలసిన వాటి జాబితాయే ఖాళీగా వస్తే ఎవ్రీ ‘ట్రూ’ అంటుంది. లెక్క ప్రకారం తప్పు కాదు. కానీ ఆఫీసులో ఒకరోజు ఆ జాబితా లోడ్ కాలేదనుకో, ఊళ్లో పిల్లలందరికీ ఆకుపచ్చ టిక్కే. జాబితా ఖాళీగా ఉంటే అక్కడే ఆపేయాలి.

అసలు అన్నీ ఒకే గడిలో కుక్కడమెందుకండీ? ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లోనే, గడికి ఒకే విలువ ఉండేలా టేబుళ్లు విడదీయమని పేపర్ రాశారు. విద్యార్థి నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఇచ్చిన ఒక్కోదానికి ఒక వరుస. రెండూ కలిపి ప్రైమరీ కీ, అంటే వరుసను గుర్తుపట్టే తాళం, చేస్తే ఒకటే రెండుసార్లు పడదు. కావలసిన నాలుగు నంబర్లున్న వరుసలు తీసి, విద్యార్థి వారీగా లెక్కపెట్టండి. నాలుగొస్తే పూర్తి. మూడొస్తే ఏది లేదో ఆ పిల్లకి ఆరోజే చెప్పండి. వెతకడాన్ని వేగం చేసే ఇండెక్స్ కూడా పనిచేస్తుంది.

మీ ప్రాజెక్టుల్లో ఇలాంటి గడి ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ఇంతమందా! మేడమ్, దయచేసి సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచండి, నేనూ కూర్చుంటాను. వచ్చేటప్పుడు 1 లేకుండా 11 ఉన్న వరుస ఒకటి మీ టేబుల్‌లో వేసుకుని రండి. ముందు దానితోనే మొదలుపెడదాం.