పేస్ట్రీ సెక్షన్ కష్టాలు: చెఫ్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ వారం రెస్టారెంట్ వంటింట్లో తీపి వైపు పనిచేసేవాళ్ల కోసం. స్టూడియోలో పేస్ట్రీ చెఫ్ మనతో ఉన్నారు. ఇప్పటికే ముగ్గురు లైన్లో ఉన్నారు, నేరుగా కాల్స్‌లోకి వెళ్దాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. నేను పేస్ట్రీలో కమీగా, అంటే అందరికన్నా జూనియర్‌గా, చేరి నాలుగు నెలలైంది. ఐస్‌క్రీమ్‌కి కస్టర్డ్ కాస్తుంటే మూడింట ఒకసారి పాడవుతోంది. గుడ్డు ముక్కలు తేలుతున్నాయి. మంట ఎక్కువ పెడుతున్నావని మా చెఫ్ తిడతారు. నేను సిమ్‌లోనే పెడుతున్నా మేడమ్.

చెఫ్: ముందు కొలతలు చెప్పండి.

శ్రోత: పాలు అర లీటరు, క్రీమ్ అర లీటరు, పచ్చసొన 200 గ్రాములు, పంచదార 180.

చెఫ్: కొలతలు బాగానే ఉన్నాయి. ఆ ముక్కలు ఎలా ఉన్నాయి? తెల్లగా మెత్తగానా, పచ్చగా గట్టిగా రవ్వలాగానా?

శ్రోత: పచ్చగా... వేళ్ల మధ్య నలిపితే నలగవు మేడమ్.

చెఫ్: అయితే మీ మంట తప్పు కాదు. పచ్చసొన మీద పంచదార పోసి, కలపకుండా వేరే పనికి వెళ్తున్నారా?

శ్రోత: పాలు కాగేలోపు ఇంకో పని చూసుకుంటాను మేడమ్.

చెఫ్: అదే. పంచదార పచ్చసొనలోని నీటిని లాగేసుకుంటుంది. తగిలిన చోటల్లా సొన ఎండి రవ్వ కడుతుంది. తర్వాత ఎంత కలిపినా అది కరగదు. పంచదార పడిన క్షణమే విస్క్ తిప్పాలి. తీరిక లేకపోతే పంచదార అసలు పోయకండి, పాలు కాగాక పోసుకోవచ్చు. ఇంకొకటి, థర్మామీటర్ వాడుతున్నారా?

శ్రోత: గరిటె వెనక వేలితో గీత గీసి చూస్తాం మేడమ్.

చెఫ్: గీత 78 దగ్గరా నిలుస్తుంది, 84 దగ్గరా నిలుస్తుంది. మీకు కావాల్సింది 82 నుంచి 84 డిగ్రీలు. 85 దాటితే సొన గడ్డకట్టడం మొదలవుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నె అయితే స్టవ్ ఆపాక కూడా రెండు డిగ్రీలు పైకి పాకుతుంది. అందుకే స్టవ్ వెలిగించకముందే పక్కన ఐస్ నీళ్ల తొట్టి, అందులో ఖాళీ గిన్నె, దాని మీద జల్లెడ సిద్ధంగా ఉండాలి. 82 కనబడగానే వంచేయడమే. అప్పుడు జల్లెడ కోసం వెతుక్కుంటూ పరిగెత్తారా, కస్టర్డ్ పోయినట్టే.

శ్రోత: కాస్త దాటితే పారేయాలా మేడమ్?

చెఫ్: అప్పుడే విరగడం మొదలైతే వెంటనే చల్లార్చి, హ్యాండ్ బ్లెండర్ తిప్పి వడకట్టండి. ఐస్‌క్రీమ్‌కి పనికొస్తుంది, ప్లేటు మీద సాస్‌గా మాత్రం వద్దు. ఉడికిన గుడ్డు వాసన వచ్చిందంటే ఇక ఆశ వదులుకోండి. చల్లారిన కస్టర్డ్‌ని, అంటే ఐస్‌క్రీమ్ బేస్‌ని, 5 డిగ్రీల లోపు తక్కువలో తక్కువ నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచి అప్పుడు మెషిన్‌లో వేయండి. వెచ్చటి బేస్ వేస్తే గడ్డకట్టడం ఆలస్యమై ఐస్ పలుకులు పెద్దవవుతాయి, నాలుకకి ఇసుకలా తగులుతుంది.

యాంకర్: తర్వాతి కాల్. హలో?

శ్రోత: నమస్కారమండీ. క్రీమ్ నింపే ఎక్లేర్లకి షూ పిండి, అదే స్టవ్ మీద ఉడికించి గుడ్లు కలిపే పిండి, చేస్తాం. 250 మిల్లీలీటర్ల నీళ్లతో చేసినప్పుడు బుట్టల్లా పొంగుతాయండీ. పార్టీ ఉందని నాలుగింతలు చేశామంటే బయటికి తీయగానే చప్పబడిపోతున్నాయి. అన్నీ సరిగ్గా నాలుగుతో గుణించాం.

చెఫ్: గుణకారం సరిగ్గానే ఉంటుంది. గిన్నె గుణకారం వినదు. మీ చిన్న బ్యాచ్ ఎలా ఉంటుంది? నీళ్లు 250, వెన్న 100, ఉప్పు చిటికెడు, మైదా 150, గుడ్లు 250 గ్రాముల దాకా?

శ్రోత: అంతేనండీ. మైదా వేశాక స్టవ్ మీద రెండు నిమిషాలు తిప్పుతాం.

చెఫ్: నాలుగింతలకి?

శ్రోత: అదే రెండు మూడు నిమిషాలు. చెయ్యి నొప్పెడుతుందండీ.

చెఫ్: తడి అంతా అక్కడే మిగిలిపోతోంది. పెద్ద గిన్నెలో పిండి లోతు ఎక్కువ, అడుగుకి తగిలేది తక్కువ, కాబట్టి ఆవిరి నెమ్మదిగా పోతుంది. గడియారం చూడకండి, అడుగు చూడండి. గిన్నె అడుగున పల్చటి పొర అంటుకోవాలి, ముద్ద అంచుల్ని వదిలి ఒక్కటిగా దొర్లాలి. ఇంకా నమ్మకం కావాలంటే తూకం వేయండి. చిన్న బ్యాచ్ బాగా కుదిరిన రోజు స్టవ్ మీంచి దించిన ముద్దని తూచి రాసుకోండి. పెద్ద బ్యాచ్ ముద్ద దానికి సరిగ్గా నాలుగింతలు తూగాలి. ఎక్కువ తూగిందంటే అదంతా పోవాల్సిన నీరే, మళ్లీ స్టవ్ ఎక్కించండి.

శ్రోత: ఇది ఎప్పుడూ చేయలేదండీ.

చెఫ్: తర్వాత మిక్సర్‌లో తెడ్డు బ్లేడు పెట్టి, ఆవిర్లు తగ్గి 60 డిగ్రీల లోపుకి వచ్చేదాకా ఉత్తినే తిప్పండి. అంత వేడి మీద గుడ్డు పోస్తే అక్కడే ఉడుకుతుంది. గుడ్లు లెక్కపెట్టి కాదు, కొట్టి తూచి పోయాలి. చివరి పదో వంతు చేతిలో ఉంచుకోండి. గరిటె ఎత్తితే పిండి తోక ఆంగ్ల వి అక్షరంలా వేలాడుతూ నెమ్మదిగా తెగాలి. అలా వచ్చిందా, మిగిలిన గుడ్డు పక్కన పెట్టేయండి.

శ్రోత: ఓవెన్ 200 పెడతామండీ.

చెఫ్: 200కి వేడి చేయండి, ట్రేలు పెట్టాక 180కి దించండి. నాలుగు ట్రేలు ఒకేసారి తోశారంటే లోపలి వేడి పడిపోతుంది, ఆవిరి నిండిపోతుంది. రెండేసి కాల్చండి. మిగిలినవి పైప్ చేసి ఫ్రీజర్‌లో పెట్టినా పోయేదేం లేదు. మొదటి 20 నిమిషాలు తలుపు తెరవొద్దు, గోడలు ఇంకా గట్టిపడి ఉండవు. పైభాగం ఎర్రబడితే చాలదు. పగుళ్ల లోపలి తెల్ల గీతలకి కూడా రంగు రావాలి, చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండాలి. అప్పుడు అడుగున సన్నటి కన్నం పొడిచి, తలుపు ఓరగా తీసి ఇంకో పది నిమిషాలు లోపలే ఉంచండి. క్రీమ్ మాత్రం సర్వీస్ ముందే నింపండి. ఉదయమే నింపి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి తోలులా సాగుతుంది.

యాంకర్: ఇప్పుడు ఇంకొకరు, ఒక్కరే సెక్షన్ మొత్తం చూసుకుంటున్నారట. చెప్పండమ్మా.

శ్రోత: అవునండీ. రాత్రికి 80 మంది దాకా వస్తారు. తొమ్మిదిన్నర దాకా చేతులు కట్టుకుని నిలబడతాను, ఆ తర్వాత డిజర్ట్ టికెట్లన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఒక్కో ప్లేటుకి పన్నెండు నిమిషాలు పడుతోంది. హాల్లోంచి ఒకటే అరుపులు.

చెఫ్: మెనూలో ఎన్ని? ఆర్డర్ వచ్చాక ఓవెన్‌లోకి వెళ్లేవి ఎన్ని?

శ్రోత: ఆరు. లావా కేక్, సూఫ్లే, ఆపిల్ టార్ట్... మూడు ఓవెన్‌వే.

చెఫ్: ఒక్క మనిషికి అప్పటికప్పుడు కాల్చేది ఒకటే ఉండాలి. సూఫ్లే తీసేయండి, అది రెండో జత చేతులున్న చోట వండేది. టార్ట్ సాయంత్రమే కాల్చి ఉంచితే సర్వీస్‌లో వెచ్చబెట్టడమే. లావా కేక్ ఉంచుకోండి. 200 డిగ్రీల్లో పది నిమిషాల వరకు పడుతుంది కాబట్టి, మెయిన్ కోర్స్ తింటుండగానే ఆర్డర్ తీసుకోమని హాల్ వాళ్లతో ఒప్పందం చేసుకోండి. ప్రతి రాత్రీ మొదట ఒకటి పరీక్షకి కాల్చి కోసి చూడండి. పిండి ఫ్రిజ్‌లో ఎంత చల్లబడిందో దాన్నిబట్టి నిమిషం అటూ ఇటూ అవుతుంది.

శ్రోత: మిగతావి కూడా లేటవుతున్నాయండీ.

చెఫ్: ఒక ప్లేటు కట్టడానికి మీ చెయ్యి ఎన్నిసార్లు కదులుతోందో లెక్కపెట్టండి. ఐదారుకి మించితే ఏదో ఒకటి పగలే అయిపోవాలి. సాస్ సీసాలో, పొడి డబ్బాలో, అన్నీ మోచెయ్యి చాచే దూరంలో ఉండాలి. ఐస్‌క్రీమ్ ఎక్కడ పెడుతున్నారు?

శ్రోత: పెద్ద ఫ్రీజర్‌లోనండీ. రాయిలా ఉంటుంది.

చెఫ్: అది మైనస్ 18లో ఉంటుంది, నిల్వకి మంచిదే. వడ్డించడానికి మైనస్ 12, 14 కావాలి. ఆ రాత్రికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసి, కాస్త తక్కువ చలిలో పెట్టిన ఫ్రీజర్‌లోకి సర్వీస్‌కి ముందే మార్చండి. స్పూన్ వేడి నీళ్లలో ముంచి, విదిలించి, తుడిచి లాగండి. నీటి చుక్క ఉందంటే క్వెనెల్ మీద, అంటే స్పూన్‌తో లాగిన ఐస్‌క్రీమ్ ముద్ద మీద, మంచు గీత పడుతుంది.

శ్రోత: టువీల్‌లు, అదే పల్చటి కరకరలాడే బిస్కెట్లు, అవి కూడా మెత్తబడుతున్నాయి.

చెఫ్: పెద్ద డబ్బా మాటిమాటికీ తెరుస్తుంటారు కదా? పంచదార గాలిలో తేమని పీల్చేస్తుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి గట్టి మూత డబ్బాలో పెట్టండి. ఒక గంటకి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని అందులోంచే వాడండి. ఇక పగటి పని వరుస చెప్తాను. రాగానే గడ్డకట్టడానికి టైమ్ పట్టేవి చేయండి: పన్నా కోటా (జెలటిన్‌తో బిగిసే క్రీమ్ డిజర్ట్), మూస్, రేపటి ఐస్‌క్రీమ్ బేస్. అవి చల్లబడుతుండగా ఓవెన్ పనులు. నాలుగున్నరకి, నిన్నటి బేస్‌ని మెషిన్‌లో తిప్పండి. పళ్లు కోయడం అన్నిటికన్నా చివర. సర్వీస్‌కి అరగంట ముందు ప్రతి గిన్నెలోదీ ఒక చెంచా రుచి చూడాలి, ఇది మాత్రం ఎగ్గొట్టకండి. పేరు, తేదీ, టైమ్ రాసిన టేపు లేని డబ్బా ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. గింజల ఎలర్జీ అని టికెట్ వస్తే శుభ్రమైన స్పూన్, కొత్త బోర్డు, కడిగిన చేతులు.

యాంకర్: పన్నా కోటా అన్నారు కదా, దాని మీదే ఒక కాల్ ఉంది.

శ్రోత: మేడమ్, ఉదయం చేసింది సాయంత్రం జారిపోతుంది, మిగిలింది మర్నాడు రబ్బరులా ఉంటోంది. ఒకటే గిన్నెలోది!

చెఫ్: ఒకటే గిన్నెలోది కాబట్టే. జెలటిన్ గంటల తరబడి బిగుస్తూనే ఉంటుంది, దాదాపు ఒక రోజు. ముందురోజు రాత్రి చేసి, మర్నాడు వడ్డించేలా కొలత కుదుర్చుకోండి. గ్లాసులో వడ్డించేదైతే లీటరుకి 6 నుంచి 8 గ్రాములు, బోర్లించేదైతే ఇంకొంచెం ఎక్కువ. పొడి అయితే దాని బరువుకి ఐదింతల చల్లటి నీళ్లలో పది నిమిషాలు నాననివ్వండి. వేడి క్రీమ్‌లో కలపండి, కలిపాక మరిగించకండి, బలం తగ్గుతుంది. ప్యాకెట్ మీద బ్లూమ్ అంకె, అంటే జెలటిన్ బలం చెప్పే అంకె, చూడండి. 160కి బదులు 200ది వచ్చిందంటే అదే కొలతకి గట్టిగా బిగుస్తుంది. పైన పచ్చి పైనాపిల్, బొప్పాయి, కివీ మాత్రం వేయకండి, వాటిలోని ఎంజైమ్ జెలటిన్‌ని తినేస్తుంది. ఒకసారి ఉడికించి వేస్తే భయం లేదు.

యాంకర్: చివరి కాల్. హలో?

శ్రోత: మేడమ్, గిన్నె ఎదురుగా పెట్టుకునే ఫోన్ చేస్తున్నా. గనాష్, అదే చాక్లెట్, క్రీమ్ కలిపిన మిశ్రమం, విరిగిపోయింది. నూనె పైకి తేలింది. 70 శాతం డార్క్ చాక్లెట్ అర కిలో, క్రీమ్ అర కిలో.

చెఫ్: పారేయకండి. ఎంత వేడి మీద ఉంది?

శ్రోత: ఒక్క నిమిషం... 29.

చెఫ్: కొవ్వు ఎక్కువై, పట్టి ఉంచే నీరు చాలలేదు, పైగా చల్లబడింది. వేడి నీళ్ల మీద పెట్టి 40కి తీసుకురండి, అంతకు మించొద్దు. పక్కన పాలు వెచ్చబెట్టండి. క్రీమ్ కాదు, పాలే. మళ్లీ క్రీమ్ పోస్తే ఇంకా కొవ్వు పోసినట్టే.

శ్రోత: 40కి వచ్చింది మేడమ్. పాలు కూడా వెచ్చగా ఉన్నాయి.

చెఫ్: ఒక్క చెంచా పాలు మధ్యలో పోయండి. గరిటెతో మధ్యలోనే చిన్న చిన్న చుట్లు తిప్పండి, అంచుల జోలికి పోకండి. ఏం కనిపిస్తోంది?

శ్రోత: మధ్యలో నున్నగా అవుతోంది. చుట్టూ ఇంకా నూనే.

చెఫ్: ఇంకో చెంచా. ఇప్పుడు చుట్టు కొంచెం పెద్దది చేసి నూనెని లోపలికి లాక్కోండి.

శ్రోత: కలుస్తోంది... మేడమ్, మెరుస్తోంది!

చెఫ్: ఇక హ్యాండ్ బ్లెండర్ తల పూర్తిగా ముంచి అరనిమిషం తిప్పండి, పైకి ఎత్తొద్దు, గాలి దూరుతుంది. ఫోన్ పక్కన పెట్టేసి 35కి దిగకముందే ట్రేలో పోసేయండి.