పాతకాలపు డకోటా విమానం ప్రొపెల్లర్‌ను ముందుగా చేత్తో ఎందుకు తిప్పుతారు?

[దృశ్యం: హ్యాంగర్ ముందు డకోటా. ఇద్దరు మెకానిక్‌లు ప్రొపెల్లర్‌ను ఒక్కో బ్లేడే లాగుతున్నారు.]

ఇంజిన్ స్టార్ట్ చేయడానికే ఈ తంటా అనుకుంటున్నారా? కాదు. డకోటాకి స్టార్టర్ మోటారు ఉంది. వీళ్లు వెతుకుతున్నది ఆయిల్‌ని.

ఒకప్పుడు బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ, 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైనికుల్ని దించినవీ డకోటాలే. వాటికి ఎక్కువగా వాడింది ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ఇంజిన్. 14 సిలిండర్లు, రెండు వరసల్లో, పువ్వు రేకుల్లా.

[యానిమేషన్: కింది సిలిండర్‌లోకి జారుతున్న ఆయిల్.]

చిక్కంతా కింది సిలిండర్లతోనే. అవి తలకిందులుగా ఉంటాయి. ఇంజిన్ ఆపాక ఆయిల్ మెల్లగా కిందికి దిగి, పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి సిలిండర్ హెడ్‌లో చేరుతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు. ఆయిల్ నొక్కుడు పడదు. అప్పుడు స్టార్టర్ వేస్తే పిస్టన్‌ని క్రాంక్ అనే ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. వంగిన రాడ్‌తోనే ఇంజిన్ స్టార్ట్ అయిపోయి, గాల్లోకి వెళ్లాక విరిగితే? అసలు టెన్షన్ అదే.

ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెడతారు. స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే మాగ్నెటోలు ఆఫ్. మిక్స్చర్ కటాఫ్, అంటే ఇంధనం బంద్. అయినా ప్రొపెల్లర్‌ని నమ్మొద్దు! స్విచ్ ఆఫ్ చేయడమంటే మాగ్నెటోని గ్రౌండ్‌కి కలపడం. ఆ వైరు ఎక్కడో తెగి ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా స్పార్క్ వస్తుంది. అందుకే బ్లేడ్ లాగిన మనిషి వెంటనే పక్కకి తప్పుకోవాలి.

ఎన్ని బ్లేడ్‌లు లాగాలి? అన్ని సిలిండర్లలోనూ ఒకసారి కంప్రెషన్ రావాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఈ ఇంజిన్‌లో గేర్ 16:9 అయితే, అంటే క్రాంక్ 16 చుట్లకి ప్రొపెల్లర్ 9 చుట్లు తిరిగితే, క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి ప్రొపెల్లర్ ఒక చుట్టు దాటి కాస్త ముందుకెళుతుంది. అంటే ప్రొపెల్లర్‌కి ఉన్న మూడు బ్లేడ్‌లు ఒక్కోసారి లాగితే చాలదు, కనీసం నాలుగు. మాన్యువల్ ఇంకా ఎక్కువ అడిగితే అన్నీ లాగాల్సిందే.

మామూలు కంప్రెషన్ స్ప్రింగ్‌లా తోస్తుంది. ఆయిల్ ఉంటే గోడను నెట్టినట్టే. అక్కడే ఆగాలి. బలం పెట్టకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇంటేక్ పైపులోకి (సిలిండర్‌కి గాలి, ఇంధనం వచ్చే దారిలోకి) పోతుంది, చెయ్యి తేలికవుతుంది, 'హమ్మయ్య' అనిపిస్తుంది. స్టార్ట్ చేయగానే అదే ఆయిల్ మళ్లీ సిలిండర్‌లోకి వస్తుంది. సరైన దారి, కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్‌లు విప్పి కింద ట్రే పెట్టడం. కారనిచ్చి, మళ్లీ మొదటి నుంచి లెక్క.

[దృశ్యం: మంటలార్పే సిలిండర్‌తో ఒకరు. ఇంజిన్ దగ్గి, పొగ కక్కుతుంది.]

ఈ పొగ మిగిలిన ఆయిల్ కాలుతున్నదే. మనం ఫోన్లు తీసి వీడియోలు తీస్తాం. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ల కళ్లు మాత్రం ఆయిల్ ప్రెషర్ ముల్లు మీదే. 30 సెకన్లలో అది లేవకపోతే ఇంజిన్ ఆపేస్తారు.