హత్య చేసినవాళ్ల ముందు 'హామ్లెట్' ఆడితే...

వ్యాఖ్యాత: నమస్కారం. మానసిక వైద్యశాలలో నాటకం వేస్తే అది పేషెంట్లకు కాలక్షేపమా, చికిత్సా? డాక్టర్ గారూ, మీరే మొదలుపెట్టండి.

సైకియాట్రిస్ట్: ఇంగ్లండ్‌లో బ్రాడ్‌మూర్ అని 1863 నుంచి ఉన్న ఆసుపత్రి ఉంది. మానసిక జబ్బుతో హత్యల్లాంటి నేరాలు చేసినవాళ్లకు గట్టి కాపలా మధ్య అక్కడ వైద్యం చేస్తారు. 1989లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అనే నాటక బృందం వాళ్లు లోపలికి వెళ్లి షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' ఆడారు. హామ్లెట్‌గా నటుడు మార్క్ రైలాన్స్. ఈ ప్రయత్నం వెనకున్నది అక్కడి సైకోథెరపిస్ట్ ముర్రే కాక్స్.

వ్యాఖ్యాత: హత్య చేసినవాళ్ల ముందు హత్యల నాటకమా? వింటేనే భయంగా ఉందండీ.

సైకియాట్రిస్ట్: నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ చూడండి, గదిలో పరదా వెనక దాక్కున్నదెవరో తెలియకుండానే హామ్లెట్ పొడిచేస్తాడు. పోయింది పొలోనియస్, తను ప్రేమించిన ఒఫీలియా తండ్రి. తర్వాత ఆ అమ్మాయికి మతి చలించడం కూడా కళ్లముందే జరుగుతుంది. 'నేను చేశాను' అని నోరు తెరవలేని మనిషి 'హామ్లెట్ ఎందుకిలా చేశాడు' అని అడగగలడు. నాకు ఆ ఒక్క ప్రశ్న దొరికితే చాలు, అక్కణ్నుంచి మాట్లాడుకోవచ్చు.

దర్శకుడు: వీడియో వేస్తే ఇది జరగదు. మన పద్యనాటకాల్లో జనం 'వన్స్ మోర్' అంటే నటుడు ఆ పద్యం మళ్లీ అందుకునేవాడు కదా! ఎదురుగా ఉన్నది మనిషి. బ్రాడ్‌మూర్‌లో ఆట అయ్యాక నటులు పేషెంట్లతో కూర్చుని మాట్లాడారు. నన్ను బాగా కదిలించింది అదే. ఎప్పుడూ డాక్టర్లకు జవాబులు చెప్పుకునే మనిషి, 'మతి చలించడం అలాగే ఉంటుంది' అనో 'ఉండదు' అనో ఒక పెద్ద నటుడికి చెప్పగలుగుతాడు. అది అతనికి మాత్రమే తెలిసిన విషయం.

వ్యాఖ్యాత: పేషెంటే వేషం కడితే?

సైకియాట్రిస్ట్: అది సైకోడ్రామా. ఆ పద్ధతికి ఆద్యుడైన జాకబ్ మొరెనో 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో ఆసుపత్రి పెట్టి, అందులో దానికోసమే స్టేజీ కట్టించాడు. శిక్షణ ఉన్న థెరపిస్ట్ లేకుండా దాని జోలికి పోకూడదు.

దర్శకుడు: ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఆడమంటే మా బృందం రేపే బయల్దేరుతుంది.

సైకియాట్రిస్ట్: మాస్టారూ, ఆ రాత్రి వార్డులో ఎవరుంటారు? కదిలిన బాధ నిద్ర పట్టనప్పుడే పైకొస్తుంది. ఇష్టం లేనివాళ్లను హాల్లోకి తేవద్దు. మధ్యలో లేచిపోతామంటే పోనివ్వాలి. మందులు యథాప్రకారం ఉంటాయి. మర్నాడు మీ నటులు మళ్లీ రావాలి.

దర్శకుడు: వస్తారు. నేనూ వస్తాను.

సైకియాట్రిస్ట్: అయితే ముందు నర్సులతో కూర్చుందాం. ఎవరిని పిలవచ్చో, ఎవరికి ఇప్పుడే వద్దో వాళ్లకే బాగా తెలుసు.