ముందు మ్యాన్ పేజీ తెరవండి

(కడపలో కంప్యూటర్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, ఆ పది నిమిషాలు కూడా నాకే ఇవ్వండి. నాకిచ్చిన అంశం కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఉద్యోగావకాశాలు. అది నా తర్వాత మాట్లాడే సార్లు చెప్తారు. నేను ఒక్క కమాండ్ గురించే మాట్లాడతాను. మ్యాన్. మాన్యువల్ అనే మాటకు పొట్టి పేరు, ఏ కమాండ్ ఎలా వాడాలో చెప్పే పేజీ తెరుస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక ఆఫీసులో సర్వర్ చూసుకునేవాణ్ని. ఒకరోజు రికార్డులు కొన్ని పోయాయి. టేపులో బ్యాకప్ ఉంది. ఫైళ్లను ఒక కట్టగా కట్టి దాచే, తిరిగి విప్పే టార్ కమాండ్‌తో దించుకోవాలి. సీనియర్ చీటీ మీద రాసిచ్చిపోయింది ఉన్నదున్నట్టు కొట్టాను. ఎక్స్ ఉండాల్సిన చోట సి ఉంది. ఎక్స్ అంటే టేపులోంచి బయటికి తీయడం, సి అంటే కొత్తగా రాయడం. ఉన్న బ్యాకప్ మీదే రాసేసింది. పందొమ్మిది రోజులు గుమాస్తాలు లెడ్జర్లు ముందేసుకుని అన్నీ మళ్లీ టైపు చేశారు. వాళ్లలో రిటైర్మెంటుకు దగ్గరున్న ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, “అబ్బీ, ఆ మిషన్ ఎట్ల వాడల్లనో దాంట్లోనే రాసిపెట్టి ఉండదా?” అన్నాడు. తిట్టలేదు. అడిగాడంతే.

ఉంది. ఆ రాత్రే మ్యాన్ టార్ అని కొట్టి చూశాను. సికి, ఎక్స్‌కి అర్థం విడివిడిగా రాసి ఉంది. టి అని ఇంకొకటి కూడా ఉంది, లోపల ఏముందో జాబితా మాత్రం చూపిస్తుంది. నేను మొదట కొట్టాల్సింది అదే.

1971 నవంబరు 3 తేదీతో అమెరికాలోని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, లినక్స్‌కు దారి చూపిన యూనిక్స్ మొదటి మాన్యువల్ తెచ్చారు. అందులో బగ్స్ అని ఒక శీర్షిక. తమ పనిలో లోపాలు తామే రాసి చూపించారు. ఎంత నిజాయితీ!

1820లో ఈ ఊరికి వచ్చి, తర్వాత నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొరను మనం తలచుకోని రోజు లేదు. మాట తెలియక నిఘంటువు తెరిస్తే ఎవరూ కాపీ అనరు. మరి ల్యాబ్ పరీక్షలో మ్యాన్ పేజీ తెరిస్తే మార్కులు ఎందుకు కోస్తున్నాం? లెక్చరర్లూ, మిమ్మల్నే అడుగుతున్నా. తెరవనివ్వండి.

పిల్లలు మ్యాన్ పేజీలో కమాండ్ ఎలా కొట్టాలో చూపే సినాప్సిస్‌లో చదరపు బ్రాకెట్లు చూసి టెన్షన్ పడతారు. బ్రాకెట్లో ఉన్నది పెట్టినా సరే, పెట్టకపోయినా సరే, అంతే దాని అర్థం. మాట వెతకాలంటే స్లాష్, బయటికి రావాలంటే క్యూ. కమాండ్ పేరే తెలియకపోతే మ్యాన్ డ్యాష్ కె, పక్కన ఆ పనికి సంబంధించిన మాట. నెట్ అక్కర్లేదు.

మూడో వరుసలో ల్యాప్‌టాప్ పెట్టుకున్న పాపా, తెరువమ్మా. మ్యాన్, ఖాళీ, టార్. వచ్చిందా? ఆ పాపకు మైకు ఇవ్వండప్పా. చదువమ్మా, పైనుంచి, మెల్లగా.